మీ పాటలకు మార్కులు వేసేది ఎవరు? ప్లేయర్ లెక్క వెనుక అసలు సంగతి

మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో ఎన్ని పాటలున్నాయో ఒకసారి చూడండి. వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు. ఒక పక్క ఘంటసాల, సుశీల పాటలు. ఇంకో పక్క మెహదీ హసన్, జగ్జీత్ సింగ్ గజళ్లు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీలు, పిల్లల రైమ్స్, బంధువులెవరో వాట్సాప్‌లో పంపిన పెళ్లి పాటలు... అన్నీ ఒకే చోట కలిసిపోయి ఉంటాయి. వీటిలో ఏది బాగా నచ్చింది, ఏది అంతంతమాత్రం అని కూర్చుని ఒక్కో పాటకూ గుర్తు పెట్టేంత తీరిక ఎవరికుంది?

అందుకే ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పారు. మీరు ఏ పాట చివరిదాకా విన్నారు, దేన్ని మధ్యలో వదిలేశారు, ఏది మళ్లీ మళ్లీ పెట్టుకున్నారు అన్నది ప్లేయర్ గమనిస్తుంది. దాన్ని బట్టి తనే మార్కులు వేసుకుంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ రేపు మీకు ఏ పాట వినిపించాలి, ఏది అడుక్కి పోవాలి అన్నది ఆ మార్కుల మీదే ఆధారపడి ఉంటుంది. ఫోన్లో జాగా నిండిపోతే ఏ పాటలు తీసేయాలో కూడా చాలామంది ఆ లెక్క చూసే తేల్చుకుంటారు. కాబట్టి ఈ హిసాబు ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడం మంచిది.

స్టార్లు ఇచ్చే ఓపిక ఎవరికి?

ఆపిల్ కంపెనీ 2001 జనవరిలో ఐట్యూన్స్‌ను తెచ్చింది. 2002 జులైలో వచ్చిన మూడో వెర్షన్లో మూడు కొత్త సదుపాయాలు చేరాయి. పాటకు 1 నుంచి 5 దాకా స్టార్లు ఇవ్వొచ్చు. ఏ పాట ఎన్నిసార్లు మోగిందో చెప్పే ప్లే కౌంట్ కనిపిస్తుంది. ఈ రెండింటి ఆధారంగా దానంతటదే తయారయ్యే స్మార్ట్ ప్లేలిస్టు ఉంటుంది. "నాలుగు స్టార్లకు పైన ఉన్నవి, నెల రోజులుగా విననివి" అని షరతు పెడితే చాలు, జాబితా సిద్ధం.

చిక్కల్లా స్టార్ల దగ్గరే వచ్చింది. కొత్త పాట వచ్చినప్పుడు మొదటి వారం ఉత్సాహంగా ఇస్తాం. తర్వాత మానేస్తాం. రెండు వేల పాటల్లో రెండొందలకే స్టార్లుంటే, మిగతా పద్దెనిమిది వందలు ప్లేయర్ దృష్టిలో ఊరూ పేరూ లేనివే. పైగా మన మూడ్ కూడా మారుతూ ఉంటుంది. మూడేళ్ల కింద ఐదు స్టార్లు ఇచ్చిన పాటను ఇప్పుడు రెండు సెకన్లలో దాటేస్తాం. అయినా ఆ ఐదు స్టార్లు అలాగే ఉండిపోతాయి.

2006 సెప్టెంబరులో వచ్చిన ఏడో వెర్షన్లో స్కిప్ కౌంట్ కూడా చేరింది. అంటే ఎన్నిసార్లు విన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు దాటేశారన్నది కూడా రికార్డవుతుంది. ఇక కొందరు ఔత్సాహికులు ఈ రెండు అంకెలనూ తీసుకుని, వాటి నుంచి స్టార్లు లెక్కగట్టి పాటల మీద రాసేసే చిన్న చిన్న స్క్రిప్టులు తయారు చేసుకున్నారు. లైనక్స్ వాడేవాళ్లకు తెలిసిన అమరాక్ అనే ప్లేయర్లో ఈ స్కోరు లెక్క లోపలే ఉండేది.

ఒకే ఖవ్వాలీ, నాలుగు లెక్కలు

"విన్నారు" అంటే ఏమిటి? ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది గానీ, అసలు తగువంతా ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. 24 నిమిషాల ఖవ్వాలీ ఒకటి పెట్టారు. ఆరు నిమిషాలు విన్నాక తలుపు దగ్గర ఎవరో పిలిచారు. ఆపేసి వెళ్లారు. దీన్ని ఒక్కో చోట ఒక్కోలా లెక్కేస్తారు.

ఐట్యూన్స్‌లో పాట చివరిదాకా మోగితేనే ప్లే కౌంట్ పెరుగుతుంది. కాబట్టి మీరు విన్న ఆరు నిమిషాలకు విలువ సున్నా.

లాస్ట్ ఎఫ్ఎం అనే సర్వీసు లెక్క వేరు. దీని మూలం 2002లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ యూనివర్సిటీ విద్యార్థి రిచర్డ్ జోన్స్ మొదలుపెట్టిన ఆడియోస్క్రాబ్లర్ ప్రాజెక్టులో ఉంది. మనుషులు ఏమేం వింటున్నారో రికార్డు చేసి, దాని నుంచి అభిరుచి తెలుసుకోవడం ఆ ప్రాజెక్టు ఉద్దేశం. 30 సెకన్ల కన్నా పొడవైన పాటను సగం విన్నా, లేదా నాలుగు నిమిషాలు విన్నా, ఏది ముందైతే అప్పుడు ఒకసారి విన్నట్టే అని అక్కడి నియమం. మన ఖవ్వాలీ ఆరు నిమిషాలు మోగింది కాబట్టి ఒకటి పడుతుంది.

స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్ కింద లెక్క. అక్కడా ఒకటే పడుతుంది. అయితే అరనిమిషం విని విసుక్కుని వదిలేసినవాళ్లకూ అదే ఒకటి, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నవాళ్లకూ అదే ఒకటి.

అమరాక్ మాత్రం పాటలో ఎంత భాగం విన్నారని చూస్తుంది. 24లో ఆరు అంటే 25 శాతం. అంటే ఈ పాట మీకు పెద్దగా నచ్చలేదని అనుకుంటుంది.

విన్నది ఒక్కరే, పాట ఒక్కటే, విన్న సమయమూ ఒక్కటే. ఒక చోట సున్నా, రెండు చోట్ల ఒకటి, ఇంకో చోట పావు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. ఎవరి కొలత వాళ్లది. కానీ ఆ కొలత ఎంచుకున్నప్పుడే ఏ రకం పాట నెగ్గుతుందో సగం తేలిపోతుంది. నాలుగు నిమిషాల సినిమా పాటను చివరిదాకా వినడం సులువు. ఆలాపనతో మొదలై మెల్లగా పైకెళ్లే ఖవ్వాలీని ఒకే బైఠక్‌లో పూర్తి చేయడం పనుల మధ్య కష్టం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గంటసేపు పాటలు విన్నారనుకోండి. ఐదు నిమిషాల పాటలైతే పన్నెండు అవుతాయి. ఇరవై నిమిషాల ఖవ్వాలీలైతే మూడే. సమయం రెండింటికీ గంటే అయినా, ప్లే కౌంట్‌లో 12కి 3. ఏడాది తిరిగేసరికి మీరు సినిమా పాటలే ఎక్కువ వింటారని, ఖవ్వాలీలంటే అంతంతమాత్రమని యంత్రం తేల్చేస్తుంది. ఎన్నిసార్లు అన్నదానితో పాటు ఎన్ని నిమిషాలు అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ తేడా చాలావరకు సరిపోతుంది.

స్కోరు ఎలా పుడుతుంది?

అమరాక్ వాడిన పద్ధతి చాలా సులువైనది. కాగితం మీద మనమే వేసుకోవచ్చు. స్కోరు 0 నుంచి 100 దాకా ఉంటుంది. కొత్త పాట గురించి ఏమీ తెలియదు కాబట్టి మధ్యలో, 50 దగ్గర మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ 50నీ, మీరు విన్న శాతాన్నీ కలిపి సగం చేస్తారు. పూర్తిగా వింటే 50, 100 కలిపి సగం చేయగా 75 వస్తుంది. పైన చెప్పిన ఖవ్వాలీకైతే 50, 25 కలిపి సగం చేయగా 37.5. అంటే మొదటి రోజే సగటు కన్నా కిందికి జారింది.

ఆ తర్వాత విన్న ప్రతిసారీ పాత స్కోరుతో కలిపి సగటు తీస్తారు. 75 స్కోరున్న పాటను రెండోసారి పదో వంతు విని దాటేశారనుకోండి. 75, 10 కలిపి సగం చేస్తే 42.5. ఒక్క స్కిప్‌తో ఎంత పడిపోయిందో చూశారా? అదే 20 సార్లు విన్న పాట, స్కోరు 90 ఉంది అనుకుందాం. దాన్నీ అలాగే పదో వంతు దగ్గర దాటేస్తే కొత్త స్కోరు 86 చిల్లర. పెద్దగా కదలదు. పాత స్నేహితుడు ఒకసారి ఫోన్ ఎత్తకపోతే ఏదో పనిలో ఉన్నాడనుకుంటాం. కొత్తగా పరిచయమైనవాడు ఎత్తకపోతే వేరేగా అనుకుంటాం. ఈ లెక్కలో ఉన్నదీ అదే ఇంగితం.

ఒక్కసారి విన్న పాటకు నూటికి నూరా?

ఎన్నిసార్లు మొదలుపెడితే ఎన్నిసార్లు పూర్తయింది అన్న శాతం మాత్రమే చూస్తే ఒక పొరపాటు జరుగుతుంది. నిన్న తెచ్చిన పాటను ఒక్కసారి పూర్తిగా విన్నారు. ఒకటికి ఒకటి, నూరు శాతం. మీకు ప్రాణమైన ఒక గజల్‌ను 50 సార్లు పెట్టుకుని 45 సార్లు పూర్తిగా విన్నారు. అది 90 శాతం. ఈ లెక్కన నిన్నటి పాటే గొప్పదవుతుంది. ఎవరూ ఒప్పుకోరు కదా?

దీనికి గణితంలో పాత మందు ఉంది. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లాప్లాస్ చెప్పిన సూత్రం ప్రకారం, విన్న లెక్కకు 1, మొత్తం లెక్కకు 2 కలపాలి. అంటే ప్రతి పాటకూ ఊహలో ఒకసారి పూర్తిగా విన్నట్టు, ఒకసారి దాటేసినట్టు ముందే రాసుకుంటాం. అప్పుడు నిన్నటి పాటకు మూడింట రెండు, అంటే 67 శాతం. మీ గజల్‌కు 52లో 46, అంటే 88 శాతం. ఇప్పుడు వరుస సరిగ్గా కుదిరింది. అసలు ఒక్కసారీ విననిదానికి రెండింట ఒకటి, అంటే 50. అమరాక్ మొదలుపెట్టే అంకె కూడా ఇదే. తెలియనప్పుడు మంచీ చెడూ అనకుండా మధ్యలో ఉంచడం న్యాయం.

ఇంతకన్నా గట్టి పద్ధతి కావాలంటే, 1927లో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన లెక్క ఉంది. తక్కువ సాక్ష్యం ఉన్నప్పుడు తక్కువ నమ్మకంతో, ఎక్కువ సాక్ష్యం ఉన్నప్పుడు ఎక్కువ నమ్మకంతో మార్కు వేస్తుంది. ఇంటి లైబ్రరీకి మాత్రం లాప్లాస్ చాలు.

ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. పాటల విషయంలో ఇది రెండు వైపులా జరుగుతుంది.

మొత్తం ఎన్నిసార్లు విన్నారన్నదే చూస్తే పాత పాటలే ఎప్పుడూ పైన ఉంటాయి. ఐదేళ్ల కింద లైబ్రరీలో చేరిన పాటకు 60 సార్లు ఉంటే, పోయిన నెల వచ్చినదానికి 20 ఉంటాయి. సరే, రోజుకు ఎన్నిసార్లు అని భాగిస్తే? కొత్త పాట 40 రోజుల్లో 20 సార్లు, అంటే రెండు రోజులకు ఒకసారి. పాతది దాదాపు 1,800 రోజుల్లో 60 సార్లు, అంటే నెలకు ఒకసారి. ఇప్పుడు కొత్తది పాతదాన్ని తొక్కేస్తుంది. నెల తర్వాత ఆ మోజు ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?

మధ్యే మార్గంగా కొందరు పాత వినికిడి విలువను మెల్లగా తగ్గిస్తారు. ఏడాది గడిస్తే సగం అనుకుందాం. మూడేళ్ల కింద 40 సార్లు విని, ఆ తర్వాత ముట్టుకోని పాటకు ఇప్పుడు మిగిలేది 5. ఈ నెలలో 8 సార్లు విన్నదానికి 8. ఇప్పటి మీ ఇష్టం ఏమిటో చెప్పడానికి ఇది మంచి పద్ధతే.

కానీ కొన్ని పాటలకు కాలం ఉంటుంది. బతుకమ్మ పాటలు ఆ తొమ్మిది రోజులే వింటాం. నాతులు కొన్ని ఇళ్లలో మీలాద్ రోజుల్లోనే ఎక్కువగా వినిపిస్తాయి. ఇక హైదరాబాదీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ ముందు పెట్టుకుని పాడే దక్కనీ పాటలు, ఢోలక్ కే గీత్, ఇంట్లో పెళ్లి ఉంటే తప్ప ఎవరూ పెట్టరు. మిగతా పది పదకొండు నెలలు ఇవి మోగవు. విలువ తగ్గించే లెక్కలో ఇవి ప్రతి ఏడూ అడుక్కి వెళ్తాయి. నచ్చక కాదు, వాటి రోజు రాక.

వినలేదంటే నచ్చలేదనా?

యంత్రం చేసే అతి పెద్ద తప్పు ఇదే. 2008లో యీఫాన్ హూ, యెహుదా కోరెన్, క్రిస్ వొలిన్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు టీవీ ప్రేక్షకుల అలవాట్ల మీద ఒక పేపరు రాశారు. సిఫారసు చేసే సాఫ్ట్‌వేర్ల రంగంలో అది చాలా పేరున్న పేపరు. అందులో ఉన్న ముఖ్యమైన ఆలోచన మామూలు మాటల్లో చెప్పాలంటే ఇంతే: ఒకరు ఒక ప్రోగ్రాం చూశారంటే నచ్చి ఉండొచ్చు. చూడలేదంటే నచ్చలేదని చెప్పలేం. అది ఉందని తెలియకపోవచ్చు, ఆ టైముకు ఇంట్లో లేకపోవచ్చు. అందుకని వాళ్లు ఇష్టాన్నీ నమ్మకాన్నీ విడివిడిగా లెక్కపెట్టారు. ఎన్నిసార్లు చూస్తే ఆ ఇష్టం మీద అంత నమ్మకం. చూడనిదాని మీద చాలా తక్కువ నమ్మకం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మోగినంత మాత్రాన విన్నట్టా? చపాతీ పిండి కలుపుతూ ఉంటే చేతులు ఖాళీగా ఉండవు. ఏ పాట వచ్చినా చివరిదాకా మోగుతుంది. స్కూటరు నడిపేటప్పుడూ అంతే. పాటలు పెట్టుకుని నిద్రపోతే తెల్లారేసరికి ఎనభై పాటలకు ప్లే కౌంట్ పెరిగి ఉంటుంది. ఇంట్లో ఒకే ఫోన్ అందరూ వాడితే మరీ గందరగోళం. మూడేళ్ల మనవడు ఒకే రైమ్‌ను రోజుకు పదిహేను సార్లు పెట్టించుకుంటాడు. నెల తిరిగేసరికి తాతగారి అభిమాన గాయకుల జాబితాలో ఆ రైమే ముందుంటుంది.

తిరిగి తిరిగి అక్కడికే

మార్కులు వేసి ఊరుకుంటే పెద్ద నష్టం లేదు. షఫుల్ పెట్టినప్పుడు ఎక్కువ మార్కులున్న పాటలనే ఎక్కువగా తేవడం మొదలవుతుంది చూడండి, అక్కడుంది అసలు ఫికర్. అమరాక్‌లో ఈ ఆప్షన్ ఉండేది. ఐట్యూన్స్ పార్టీ షఫుల్‌లోనూ ఉండేది. మంచి మార్కులున్న పాట ఎక్కువగా వస్తుంది. వస్తే వింటాం. వింటే మార్కులు ఇంకా పెరుగుతాయి. మిగతావి వంతు రాక అలాగే ఉండిపోతాయి.

ఒకరి లెక్క ఇంకొకరి ఇష్టాన్ని ఎంత మార్చేస్తుందో చూపించిన ప్రసిద్ధ ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా శ్రోతలకు ఇంటర్నెట్‌లో వినిపించారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మరికొందరిని ఎనిమిది గుంపులుగా చేసి, తమ గుంపులో ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో కూడా చూపించారు. ఫలితాలు 2006లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అంకెలు కనిపించిన చోట పెద్ద పాటలు మరింత పెద్దవయ్యాయి, చిన్నవి మరింత చిన్నవయ్యాయి. పైగా ఒక్కో గుంపులో ఒక్కో పాట నెగ్గింది. మరీ మంచి పాటలు పూర్తిగా ఓడిపోవడం అరుదు, మరీ నాసిరకంవి నెగ్గడం అరుదు. మధ్యలో ఉన్న పాటల తలరాత మాత్రం మొదట్లో ఎవరు క్లిక్ చేశారన్నదాని మీద చాలావరకు ఆధారపడింది.

ఇది ఊరందరి లెక్క. ఇంట్లో మీ ప్లేయర్ చేసేది చిన్న రూపంలో ఇదే. మొదటి వారంలో ఏది ముందు మోగిందో అదే మీ అభిరుచిగా స్థిరపడొచ్చు.

బయటి ప్రపంచంలో ఈ అంకెలకు డబ్బు కూడా ముడిపడి ఉంది. స్పాటిఫై 2024 నుంచి ఒక నియమం పెట్టింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలో వాటా లేదు. చిన్న ఊళ్లో పాడుకునే కళాకారుడికి, తక్కువ మంది మాట్లాడే భాషలో వచ్చే పాటకు వెయ్యి దాటడం అంత తేలిక కాదు. ఎన్నిసార్లు మోగింది అన్న ప్రశ్న ఒక్క మన ప్లేలిస్టుతో ఆగిపోదు.

ఇంట్లో ఎలా చేసుకోవాలి?

ఇంతా చెప్పి, యంత్రం మార్కులు వద్దనడం లేదు. వేల పాటల్లోంచి మరచిపోయినదాన్ని వెతికి తేవడానికి ఇంతకన్నా మంచి సాయం లేదు. కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు.

ఒకటి. చేత్తో ఇచ్చిన స్టార్లు, యంత్రం వేసిన స్కోరు వేరువేరుగా ఉంచండి. అమరాక్‌లో ఇలాగే ఉండేది. స్కోరు యంత్రానిది, స్టార్లు మీవి. ఏదైనా స్క్రిప్టు వాడుతుంటే, మీరు ఇప్పటికే స్టార్లు ఇచ్చిన పాటలను ముట్టుకోవద్దని దానికి ముందే చెప్పండి.

రెండు. స్కోరును స్టార్లుగా మార్చేటప్పుడు లైబ్రరీని ఐదు సమాన భాగాలు చేయకండి. వెయ్యి పాటలుంటే ఆఖరి 200కి ఒకటే స్టార్ పడుతుంది. మీరు ఏరికోరి తెచ్చుకున్న వెయ్యిలో 200 పాటలు అంత చెడ్డవి ఎందుకవుతాయి? ఎక్కువ పాటలకు మూడు స్టార్లుండాలి. ఐదూ ఒకటీ అరుదుగా పడాలి.

మూడు. కాలాన్ని బట్టి వినే పాటలను వేరే ప్లేలిస్టులో పెట్టి, స్కోరు లెక్కలోంచి తప్పించండి. పిల్లల పాటలకు కూడా అంతే. వీలైతే పిల్లలకు వేరే ఖాతా పెట్టండి.

నాలుగు. "ఏడాది కింద చేరినవి, రెండు సార్ల కన్నా తక్కువ విన్నవి" అని షరతు పెట్టి ఒక స్మార్ట్ ప్లేలిస్టు చేసుకోండి. ఆపిల్ మ్యూజిక్ యాప్‌లో, విండోస్‌లో మ్యూజిక్‌బీలో ఇది కుదురుతుంది. వారానికి ఒకసారి అది పెట్టుకుని వినండి. వంతు రాని పాటలకు వంతు వస్తుంది. నిజంగా నచ్చనివేవో కూడా అప్పుడే తేలుతుంది.

ఐదు. పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. 60 నిమిషాల క్యాసెట్లో ఒక వైపు అరగంట. చాలామంది దాన్ని మొత్తం ఒకే ఫైలుగా ఉంచేస్తారు. ప్లేయర్‌కు అది అరగంట పొడవున్న ఒకే పాట. దాన్ని ఎవరూ ఒక్కసారిగా పూర్తి చేయరు కాబట్టి స్కోరు ఎప్పుడూ కిందే ఉంటుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటలుగా విడగొట్టి, ఒక్కోదానికి పేరు పెట్టండి. ఎవరు పాడారు, ఎవరి పెళ్లిలో, ఏ ఏడు అన్నది గుర్తున్నవాళ్లు ఉండగానే రాసిపెట్టండి.

ఆరు. మార్కులు ఎక్కడ దాచి ఉన్నాయో తెలుసుకోండి. ఐట్యూన్స్ స్టార్లను పాట ఫైలులో రాయదు, తన లైబ్రరీ ఫైలులో రాసుకుంటుంది. పాటలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని కొత్త కంప్యూటర్లో వేస్తే, ఏళ్ల తరబడి పోగైన స్టార్లు, ప్లే కౌంట్లు రావు. ఎంపీ3 ఫైలు లోపల రేటింగ్ రాసుకునే చోటు ఒకటుంది. అందులో 0 నుంచి 255 దాకా అంకె పడుతుంది. కొన్ని ప్లేయర్లు అక్కడ రాస్తాయి. మీది ఆ రకమో కాదో సెట్టింగుల్లో చూడండి. కాకపోతే లైబ్రరీ ఫైలును కూడా బ్యాకప్ చేయండి.

చెరిపేసే ముందు

ఫోన్లో జాగా నిండిపోయిందని హెచ్చరిక వస్తుంది. వెంటనే "ఎప్పుడూ విననివి" అని వెతికి, అన్నీ ఎంచుకుని డిలీట్ కొడతాం. సినిమా పాటైతే పెద్ద నష్టం లేదు, రేపు మళ్లీ దొరుకుతుంది. కానీ ఆ జాబితాలో ఎవరో పిన్నమ్మ పెళ్లిలో నానీ పాడిన ఢోలక్ పాట ఉండొచ్చు. గదిలో పది మంది నవ్వులు, పక్కన స్టీలు గిన్నెల చప్పుడు, మధ్యలో ఆమె గొంతు. దాని ప్లే కౌంట్ బహుశా రెండో మూడో. ఏ స్ట్రీమింగ్ సర్వీసులోనూ అది దొరకదు. మీ దగ్గర పోతే ఇంకెక్కడా లేదు.

ఎన్నిసార్లు విన్నారో లెక్కపెట్టడం ప్లేయర్‌కు చేతనవుతుంది. దానికి వేరే కాపీ ఉందో లేదో దానికి తెలియదు. కాబట్టి ఈ రోజు ఏది వినాలో స్కోరును అడగండి, తప్పేమీ లేదు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మాత్రం దాన్ని అడగొద్దు. ఇంట్లోవాళ్లు పాడినవి, మీరే రికార్డు చేసినవి, బయట దొరకనివి ఈ వారమే ఒక ఫోల్డరులోకి తీసి, రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. ఆ తర్వాత మిగతా పాటలకు యంత్రం ఎన్ని మార్కులు వేసుకున్నా ఫికర్ లేదు.